ధాన్యకటకం పేరు మోసిన మఠం

కృష్ణ ఒడ్డున బుద్ధుడు: పదకొండో భాగం

1964 జూలై 7న తెనాలిలో ఒక సమావేశం మొదలైంది. దేశం నలుమూలల నుంచి 146 మంది ప్రతినిధులు వచ్చారు. అంతకు మూడు నెలల ముందు, ఏప్రిల్ 11న, కమ్యూనిస్టు పార్టీ జాతీయ సమితి నుంచి 32 మంది లేచి బయటికి వచ్చేశారు. వాళ్ళ పక్షాన నిలిచినవాళ్ళు కలిసి కూర్చున్న పెద్ద సభ ఇది. ఐదు రోజులు సాగింది. ఆ ఏడాది చివర కలకత్తా మహాసభలో సీపీఎం పుట్టిందంటారు గానీ, పురుడు పోసింది మాత్రం తెనాలే. ఆ సభలో ఒక పెద్ద చిత్రపటం అందరి కళ్ళనూ లాగింది. అది మావో పటం.

చైనాతో యుద్ధం ముగిసి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు.

సభ ముందుకు వచ్చిన కార్యక్రమం ముసాయిదా రాసింది ఈ నేల మనిషే, రేపల్లె తాలూకా తూర్పుపాలెంలో పుట్టిన మాకినేని బసవపున్నయ్య. బెంగాల్ నుంచి వచ్చిన ఒక తీవ్ర వర్గం ఆ ముసాయిదాను అక్కడికక్కడే తప్పుపట్టింది. వర్గపోరాటాన్ని పలచన చేసిందని, రష్యా చైనా తగాదాలో చైనా వైపు గట్టిగా నిలబడలేదని వాళ్ళ అభ్యంతరం. వేరే ముసాయిదా కూడా పెట్టారు. అంటే పటం ఒకటే అయినా కింద కూర్చున్నవాళ్ళ మనసులు ఒకటి కావు. వాదించుకున్నారు, విభేదించారు, సభ ముగిశాక ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళారు. విభేదించినందుకు ఎవరూ మాయం కాలేదు.

ఈ చివరి మాట మామూలుగా కనిపిస్తుంది కానీ మామూలుది కాదు. ఆ సభకు వచ్చిన వాళ్ళకు జైలు రుచి కొత్త కాదు. 1962 నవంబరులో భారత రక్షణ నిబంధనల కింద వామపక్ష నాయకులను వందల సంఖ్యలో పట్టుకుపోయారు. విచారణ లేదు, నేరారోపణ లేదు. అంతకు పన్నెండేళ్ళ ముందు, గుంటూరు జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, ఎ.కె. గోపాలన్ అనే కమ్యూనిస్టు నాయకుడు తనను విచారణ లేకుండా నిర్బంధించిన మద్రాసు ప్రభుత్వం మీద సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1950లో వచ్చిన ఆ తీర్పు చాలావరకు ఆయనకు వ్యతిరేకంగానే ఉంది. కానీ తలుపు తట్టడానికి ఒక కోర్టు ఉంది, వాదించడానికి వకీలు ఉన్నాడు, మర్నాడు పేపర్లో వార్త ఉంది. ప్రభుత్వాన్ని కాదనే మనిషికి ఆ మూడూ ఎంత విలువైనవో ఈ దేశపు కమ్యూనిస్టులకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

సరిగ్గా ఆ 1964లోనే, ఆ పటంలోని మనిషి పాలిస్తున్న దేశంలో, ఆ మూడూ లేని ఒక బౌద్ధ భిక్షువు కథ నడుస్తోంది.

ఆయన పదవ పంచెన్ లామా. టిబెట్ బౌద్ధంలో దలైలామా తర్వాత అంతటి పీఠం. 1959 మార్చిలో లాసాలో తిరుగుబాటు రేగి, దలైలామా కొండలు దాటి భారతదేశానికి వచ్చేసినప్పుడు పంచెన్ లామా రాలేదు. చైనా ప్రభుత్వంతోనే ఉండిపోయాడు. ఆ ప్రభుత్వం మీద ఆయనకు నమ్మకం ఉంది. దేశం తిరిగి చూశాక ఆ నమ్మకం నిలవలేదు. 1962లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, డెబ్బై వేల అక్షరాల విన్నపం ఒకటి రాసి ప్రధాని చౌ ఎన్‌లైకి ఇచ్చాడు. అందులో తిట్లు లేవు, లెక్కలు ఉన్నాయి. సంస్కరణలకు ముందు రెండువేల ఐదు వందలకు పైగా ఉన్న మఠాలలో మిగిలినవి డెబ్బై. లక్షా పదివేలమంది భిక్షువులు, భిక్షుణులలో మఠాల్లో మిగిలినవాళ్ళు ఏడు వేలు. ఇది సాంస్కృతిక విప్లవానికి నాలుగేళ్ళ ముందు మాట. మఠాల విధ్వంసమంతా ఆ విప్లవకాలపు ఉన్మాదమేనని తేల్చేసేవాళ్ళు ఈ తేదీని చూడాలి.

మావో ఆ విన్నపాన్ని విషపు బాణం అన్నాడు. 1964 ఆరంభంలో లాసాలో మోన్లం ప్రార్థనోత్సవం జరిగినప్పుడు జనం ముందు నిలబడి దలైలామా మీద తన విశ్వాసాన్ని పంచెన్ లామా దాచుకోలేదు. తర్వాత రోజుల తరబడి ఆయనను నిలబెట్టి నిందించే సభ పెట్టారు. పదవులు ఊడబీకారు. ఆ తర్వాత జైలు. 1977లో గానీ బయటికి రాలేదు.

తెనాలిలో ఆ జూలైలో కూర్చున్నవాళ్ళకు ఇదేమీ తెలియదు. ఆ విన్నపం రహస్యపత్రం, బయటి ప్రపంచం చేతికి వచ్చింది 1990లలోనే. కాబట్టి తెలిసి మౌనంగా ఉన్నారని వాళ్ళ మీద నింద వేయడం అన్యాయం. వాళ్ళకు తెలిసిన టిబెట్ వేరు. మఠాలకు ఈనాముల్లాంటి భూములు, ఆ భూములకు కట్టుబడిన రైతులు, పైన లామాలు. జమీందారీలతో, వెట్టితో తలపడి వచ్చిన తెలుగు కమ్యూనిస్టుకు ఆ చిత్రం చూస్తే ఏ వైపు నిలబడాలో ఆలోచించాల్సిన అవసరం కనిపించలేదు. ఆ చిత్రం అబద్ధం కూడా కాదు, మఠాలకు భూములు ఉన్నమాట నిజం. అయితే భూమి పంచడం ఒక పని. పంచాక కూడా జపమాల పట్టుకున్నవాణ్ణి వెతికి పట్టుకోవడం వేరే పని. మొదటి పనిని చూపించి రెండో పనిని సమర్థించలేం.

ఈ తేడాను ముందే చూసినవాడు అంబేద్కర్. 1954 ఆగస్టు 26న రాజ్యసభలో, టిబెట్ విషయంలో నెహ్రూ విధానాన్ని ఆయన విమర్శించాడు. 1956 నవంబరు 20న, చనిపోవడానికి పదహారు రోజుల ముందు, ఖాట్మండులో ప్రపంచ బౌద్ధుల సమావేశంలో బుద్ధుణ్ణీ మార్క్స్‌నూ పక్కపక్కన పెట్టి మాట్లాడాడు. ఇద్దరి గమ్యం దుఃఖనివారణే, దారి వేరు అన్నది ఆయన వాదన. ఒకరిది మనసు మార్చే దారి, మరొకరిది బలప్రయోగంతో, నియంతృత్వంతో నడిచే దారి. నియంతృత్వం తాత్కాలికమే అంటున్నారు, మరి ఆ తర్వాత ఏం నిలబెడుతుంది సమాజాన్ని అని అడిగాడు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు రక్తసిక్తమయ్యాక బాపట్ల, తెనాలి ప్రాంతాల దళిత యువత అంబేద్కర్‌ను కొత్తగా చదవడం మొదలుపెట్టింది. ఆ పుస్తకాల్లో ఈ ప్రశ్న కూడా ఉంది.

అసలు టిబెట్ భిక్షువుల గోడు మన ఊళ్ళకు ఎందుకు? ఎందుకంటే ఇది బుద్ధుడి ఎముకలు దాచిన నేల.

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలెక్కితే వేమూరు దాటాక భట్టిప్రోలు వస్తుంది. స్టేషనుకు దగ్గరలోనే స్తూపం దిబ్బ. 1892లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి దాని నడిగుండెలో తవ్వి, ఒకదాని కింద ఒకటిగా మూడు రాతి భరిణెలు తీశాడు. బరువైన రాతి మూత, లోపల తొలిచిన గుంట, దానిలో ఇంకో చిన్న భరిణె, దానిలో వేలెడంత స్ఫటికపు భరిణె. చుట్టూ బంగారు పూలు, ముత్యాలు, పూసలు. స్ఫటికంలో ఒక చిన్న ఎముక ముక్క. రాతి అంచుల మీద అశోకుడి బ్రాహ్మికి దగ్గరగా ఉన్నా దానికంటే కొంచెం భిన్నమైన లిపి. జర్మన్ పండితుడు బ్యూలర్ చదివాడు.

చదివితే తేలిందేమిటి? ఒక రాజు పేరు ఉంది, కుబిరకుడు. కానీ ఆ రాళ్ళ మీద రాజు ఒక్కడే లేడు. కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, శివుడు అని ఒక ఇంటివాళ్ళ పేర్లు ఉన్నాయి. నిగమ సభ్యుల, అంటే పట్టణ సంఘం వాళ్ళ, పేర్లు వరుసగా ఉన్నాయి. గోష్ఠి అనే మాట ఉంది, అంటే నేటి భాషలో కమిటీ. ఊరివాళ్ళు కమిటీగా కూడి, చందాలు వేసుకుని, ధాతువును, అంటే ఆ ఎముకను, ప్రతిష్ఠించుకున్నారు. రాజు కూడా ఒక గోష్ఠికి పెద్దగా ఆ పని దగ్గర కనిపిస్తాడు. ఏ అధికారి అనుమతి పత్రం గురించీ ఆ రాళ్ళు చెప్పవు.

ఆ ధాతువులో కొంత 1920లో కలకత్తా కాలేజీ స్క్వేర్‌లో మహాబోధి సొసైటీ కట్టిన ధర్మరాజిక చైత్య విహారానికి చేరింది. బాపట్ల దగ్గర, కర్లపాలెం పక్కన బుద్దాంలో పందొమ్మిదో శతాబ్దంలో బయటపడిన కంచు బుద్ధుడు 1905 నుంచి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాడు. ఇక భట్టిప్రోలు స్తూపపు పాలరాతి పలకలు వెల్లటూరు కాలువ లాకు కట్టడానికి పోయాయి. పవిత్రమైనదాన్ని పగలగొట్టడం ఏ ఒక్క సిద్ధాంతం సొత్తూ కాదు. ఇంగ్లీషు ఇంజనీర్లు రాళ్ళకోసం చేసినదాన్నే మరొకచోట విప్లవం పేరుతో చేశారు. తేడా ఏమిటంటే, భట్టిప్రోలులో రాళ్ళు పోయేనాటికి వాటిముందు కూర్చుని జపం చేసే భిక్షువులు లేరు. టిబెట్‌లో ఉన్నారు.

ఈ నేల బౌద్ధులకు ఇంకో గుణం ఉండేది. వాళ్ళు ఎదురు చెప్పేవాళ్ళు. మహాసాంఘికులు, వాళ్ళ శాఖలైన చైత్యకులు, పూర్వశైలులు, అపరశైలులు ధాన్యకటకం (నేటి అమరావతి) చుట్టూ వర్ధిల్లారు. థేరవాదుల పాళీ వ్యాఖ్యలు వీళ్ళలో పూర్వశైలుల, అపరశైలుల వంటి శాఖలను కలిపి అంధకులు అంటాయి, అంటే ఆంధ్రులు. అర్హతుడికి కూడా సందేహాలు మిగలవచ్చునా వంటి ప్రశ్నల మీద పెద్దలతో వాదానికి దిగి, ఒప్పుకోకుండా వేరు శాఖలు పెట్టుకున్నారు. క్రీస్తుశకం ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ ఇక్కడికి వచ్చి, ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు కూర్చుని మహాసాంఘికుల అభిధర్మం నేర్చుకున్నాడు. చైనావాడు శిష్యుడు, మనవాళ్ళు గురువులు. ఆ హ్యూయెన్‌త్సాంగ్ అస్థికలను 1957 జనవరిలో చైనా ప్రభుత్వం నలందాకు బహుమతిగా ఇచ్చింది. నెహ్రూ చేతికి అందించింది ఎవరో కాదు, అప్పటికింకా చైనా ప్రతినిధిగానే వచ్చిన దలైలామా. మతం విషమని 1955లో మావో తనకు స్వయంగా చెప్పాడని ఆ దలైలామాయే తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు. ఇంట్లో విషం, పొరుగింటికి కానుక.

ఇప్పుడు అసలు పేరు దగ్గరికి వద్దాం.

టిబెట్ బౌద్ధుల నమ్మకం ప్రకారం కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు శంభల రాజు సుచంద్రుడికి ఉపదేశించింది ధాన్యకటక స్తూపం దగ్గర. అంటే మన అమరావతి, ధరణికోట. చరిత్రకారులు దీన్ని ఒప్పుకోరు, కాలచక్ర గ్రంథం బుద్ధుడికి చాలా శతాబ్దాల తర్వాతిది. కానీ నమ్మకానికి తన చరిత్ర తనకుంటుంది. 1416లో టిబెట్ గురువు సోంగ్‌ఖాపా శిష్యుడు జమ్యంగ్ చోజే లాసా పక్కన కొండ వాలులో ఒక మఠం కట్టినప్పుడు దానికి ధాన్యకటకం పేరే పెట్టాడు. ధాన్యకటకం అంటే వడ్ల రాశి. టిబెటన్‌లో వడ్లు అంటే 'డ్రే', రాశి అంటే 'పుంగ్'. డ్రెపుంగ్. దూరం నుంచి చూస్తే తెల్లటి గదులన్నీ కొండవాలులో పోసిన బియ్యపు కుప్పలా కనిపిస్తాయని కూడా ఆ పేరుకు అర్థం చెబుతారు. కృష్ణా డెల్టాలో కుప్ప అనే మాట వినగానే సంక్రాంతి ముందు కళ్ళాలు గుర్తొచ్చే రైతుకు ఈ పేరును అనువదించి చెప్పనక్కర్లేదు.

ఆ కుప్ప పెరిగింది. పోతాల రాజభవనం కట్టకముందు దలైలామాలు ఉన్నది డ్రెపుంగ్‌లోనే. 1959 నాటికి దాదాపు పదివేల మంది భిక్షువులతో ప్రపంచంలోకెల్లా పెద్ద మఠమని పేరు. ఆ ఏడాది మార్చి తర్వాత ఖాళీ అయింది. కొందరు చనిపోయారు, కొందరు చెరపడ్డారు, కొందరు హిమాలయాలు దాటారు. మిగిలిన కొద్దిమంది మీదుగా సాంస్కృతిక విప్లవం నడిచింది. 1980లలో కొంత సడలింపు వచ్చి మళ్ళీ దీపాలు వెలిగాయి, కుర్రాళ్ళు చేరారు. చైనా 1982 రాజ్యాంగం 36వ అధికరణం మతస్వేచ్ఛను ఇస్తూనే ఒక విశేషణం తగిలించింది. రాజ్యం కాపాడేది 'సాధారణ' మత కార్యకలాపాలనట. ఏది సాధారణమో చెప్పేది రాజ్యమే. ఒక్క మాట మీద ఎన్ని వేల జీవితాలు వేలాడాయో చెప్పడానికి డ్రెపుంగ్ చాలు.

1987 సెప్టెంబరు 27న డ్రెపుంగ్ నుంచి 21 మంది భిక్షువులు లాసా వచ్చి, జోఖాంగ్ గుడి చుట్టూ ఉండే బార్ఖోర్ వీధిలో టిబెట్ జెండా పట్టుకుని ప్రదక్షిణగా నడిచారు. వాళ్ళతో కొద్దిమంది మామూలు జనం కలిశారు. పోలీసులు పట్టుకుపోయారు. నాలుగు రోజుల తర్వాత వేరే మఠాల భిక్షువులు రోడ్డెక్కారు, కాల్పులు జరిగాయి. మర్నాటి నుంచి ఏడాదిన్నర పాటు అల ఆగలేదు. 1989 మార్చిలో లాసాలో సైనిక చట్టం పెట్టారు.

ఈ గొడవల మధ్య డ్రెపుంగ్ గదుల్లో కొందరు కుర్ర భిక్షువులు ఒక నిశ్శబ్దమైన పని చేస్తున్నారు. ఆ పని ఎలా చేస్తారో చూస్తే గానీ దాని బరువు తెలియదు. టిబెట్ మఠాల్లో పుస్తకం అచ్చు వేయడం శతాబ్దాలుగా ఒకటే తీరు. పొడవాటి సన్నపాటి చెక్కపలక తీసుకుని నున్నగా చేస్తారు. దాని మీద అక్షరాలను అద్దంలో చూసినట్టు తిరగేసి రాసి, చుట్టూ ఉన్న చెక్కను ఉలితో తీసేస్తారు. అక్షరం పైకి తేలి నిలబడుతుంది. ఒక్క ఒత్తు కూడా తప్పుపోకూడదు. తర్వాత మసి సిరా పూసి, కాగితం పరిచి, పైన ఒత్తుతారు. పలక ఒకటి అరిగేదాకా ఎన్ని ప్రతులైనా వస్తాయి. సూత్రాలు అచ్చు వేసే ఆ పద్ధతిలోనే వాళ్ళు వేరే గ్రంథాన్ని టిబెటన్‌లో చెక్కారు. 1948లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన అది. ముప్పై అధికరణాలు. 18వది మనస్సాక్షి, మతస్వేచ్ఛ గురించి. 19వది అభిప్రాయ స్వేచ్ఛ గురించి.

1989లో పట్టుబడ్డారు. ఆ ఏడాది అక్టోబరులో దలైలామాకు నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. నవంబరు 30న లాసాలో ఆ గుంపులో పదిమందికి శిక్షలు చదివారు. ముందుండి నడిపించాడన్న గవాంగ్ ఫుల్చుంగ్‌కు 19 ఏళ్ళు. మానవ హక్కుల ప్రకటనను అనువదించి ప్రచురించడం అభియోగాల్లో ఒకటి. చైనా ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో శాశ్వత సభ్యదేశం. ఆ సమితి పత్రాన్ని చెక్క మీద చెక్కినందుకు ఆ దేశంలోనే ఒక భిక్షువు యవ్వనమంతా ద్రాప్చీ జైల్లో గడిచింది.

ఆ తర్వాత కాలంలో ప్రభుత్వం పద్ధతి మార్చింది. కాల్పులు తగ్గాయి, సంతకాలు పెరిగాయి. 1995 మే 14న దలైలామా ఆరేళ్ళ గెదున్ చోక్యీ నీమాను పదకొండవ పంచెన్ లామాగా గుర్తించాడు. మూడు రోజులకే ఆ పిల్లవాణ్ణి, తల్లిదండ్రులను తీసుకుపోయారు. మళ్ళీ బయటి ప్రపంచం వాళ్ళను చూడలేదు. అదే ఏడాది చివర ప్రభుత్వం వేరే బాలుణ్ణి ఆ పీఠం మీద కూర్చోబెట్టింది. 1996 నుంచి మఠాల్లో దేశభక్తి విద్య మొదలైంది. అధికారుల బృందాలు వచ్చి మఠంలోనే మకాం వేస్తాయి. పాఠాలు చెబుతాయి, పరీక్షలు పెడతాయి. చివర ప్రతి భిక్షువూ దలైలామాను ఖండిస్తూ రాసి ఇవ్వాలి. బౌద్ధుడికి గురువును తూలనాడడం దీక్ష తెంచుకోవడంతో సమానం. జైలు భయం కన్నా ఇది లోతుగా కోస్తుంది. ఎందుకంటే జైలుకు వెళ్ళినవాడు భిక్షువుగానే వెళతాడు. సంతకం పెట్టినవాడు గదిలోనే ఉండి భిక్షువు కాకుండా పోతాడు.

2005 శరత్కాలంలో అలాంటి బృందం డ్రెపుంగ్‌కు వచ్చింది. నవంబరు చివర్లో కొందరు భిక్షువులు సంతకం పెట్టం అన్నారు. వాళ్ళను పట్టుకున్నారని తెలిసి వందల మంది ముంగిట్లో మాట లేకుండా కూర్చున్నారు. నినాదం లేదు. కూర్చోవడమే.

నెలన్నర తిరక్కముందే, డ్రెపుంగ్‌కు పేరిచ్చిన ఊళ్ళో లక్షమందికి పైగా జనం చేరారు.

2006 జనవరి 5 నుంచి 16 వరకు అమరావతిలో ముప్పయ్యో కాలచక్ర. తెనాలికి అరవై కిలోమీటర్లు. డెల్టాలో కుప్పనూర్పుల రోజులు. సంక్రాంతి కూడా ఆ రోజుల్లోనే పడింది. ముదురు ఎర్ర వస్త్రాల భిక్షువులు, ఊలు అంగీల ముసలమ్మలు, జపచక్రాలు తిప్పుతూ స్తూపం చుట్టూ నడుస్తున్న కుటుంబాలు గుంటూరు జిల్లా రోడ్ల మీద ఎటు చూసినా కనిపించాయి. వాళ్ళలో కొన్నివేల మంది టిబెట్ లోపలి నుంచి వచ్చినవాళ్ళు. ధాన్యకటకం వాళ్ళకు పటంలో ఊరు కాదు, ప్రార్థనల్లో రోజూ పలికే పేరు. ఇన్ని శతాబ్దాల తర్వాత ఆ పేరు దగ్గర తల ఆనించారు.

వేదిక ముందు రంగు ఇసుకతో మండలం వేస్తారు. సన్నటి లోహపు గొట్టంలో ఇసుక నింపి, దాని గరుకు అంచు మీద ఇంకో కడ్డీతో గీకితే ఇసుక రేణువుల వరుసగా జారుతుంది. రోజుల తరబడి వంగి కూర్చుని వేసిన దాన్ని చివరిరోజు చెరిపేసి నీళ్ళలో కలిపేస్తారు. వేసినవాళ్ళకు దిగులు ఉండదు.

ఆ రోజుల్లో దలైలామా చెప్పిన మాటల్లో ఒకటి మండలంలా చెరిగిపోలేదు. అప్పటికి టిబెట్‌లో పులి, చిరుత, నీటికుక్క తోళ్ళు అంచులుగా కుట్టించుకున్న అంగీలు తొడుక్కోవడం గొప్ప అయిపోయింది. పండగల్లో ఎవరి అంగీకి ఎంత పులితోలు ఉంటే అంత పరువు. ఆ తోళ్ళలో చాలావరకు భారతదేశపు అడవుల్లో చంపిన పులులవే. ఆ ఫొటోలు చూసి సిగ్గుపడ్డానని, ఇళ్ళకు వెళ్ళాక అడవి జంతువుల తోళ్ళు తొడుక్కోవద్దని ఆయన అమరావతిలో చెప్పాడు. జీవహింస మానమనడం బౌద్ధంలో మొదటి శీలం. కొత్త మాట కాదు, రాజకీయం అసలే కాదు.

వాళ్ళు వెళ్ళారు. ఫిబ్రవరిలో ఆమ్డో ప్రాంతంలో, రెబ్‌కోంగ్‌లో, గాబాలో జనం వీధుల్లో మంటలు వేసి, పెళ్ళికి కుట్టించుకున్న అంగీల తోళ్ళను, ఏళ్ళ సంపాదన పోసి కొన్న తోళ్ళను కత్తిరించి మంటలో వేశారు. పులుల్ని కాపాడాలన్నది చైనా ప్రభుత్వ చట్టం కూడా. అయినా తోళ్ళు కాల్చడాన్ని అధికారులు నిషేధించారు, కొందరిని అరెస్టు చేశారు. కాలుతున్నది తోలే అయినా వాళ్ళకు కనిపించింది వేరు. ఎక్కడో ఆంధ్రదేశంలో ఒక నది ఒడ్డున ఒక మనిషి చెప్పిన మాటను, ఇంట్లో దాచుకున్న పులితోలును అగ్గిలో వేసి మరీ పాటించారు జనం. టీవీలో కనిపించే టిబెటన్ వ్యాఖ్యాతలు తోలు అంచుల అంగీలు వేసుకోవాలని ఆదేశాలు వెళ్ళాయని కూడా అప్పట్లో వార్తలు వచ్చాయి. ఒక ప్రభుత్వం పులితోలు తొడుక్కోమని ఒత్తిడి చేసే దశకు రావడం దగ్గరే మతస్వేచ్ఛ అంటే ఏమిటో అర్థమవుతుంది. గుళ్ళు తెరిచి ఉండడం మతస్వేచ్ఛ కాదు. ఎవరి మాట వినాలో మనిషి తనకు తాను తేల్చుకోగలగడం మతస్వేచ్ఛ.

2012లో బోధ్‌గయ కాలచక్రకు వచ్చి తిరిగి వెళ్ళిన వందల మంది టిబెటన్లను పునర్విద్య పేరుతో నిర్బంధించారు. అమరావతి నుంచి నేర్చుకున్నది జనం మాత్రమే కాదన్నమాట.

2007 అక్టోబరులో గవాంగ్ ఫుల్చుంగ్ విడుదలయ్యాడు. లోపలికి వెళ్ళినప్పుడు కుర్రవాడు. అదే నెలలో అమెరికా కాంగ్రెస్ దలైలామాకు బంగారు పతకం ఇచ్చింది. ఆ సంతోషంలో డ్రెపుంగ్ భిక్షువులు, ఒకప్పుడు దలైలామాలు ఉన్న భవనం గోడలకు సున్నం వేయబోయారు. పండగకు ఇంటికి వెల్ల వేసినట్టే. దానికీ పోలీసులొచ్చారు, కొందరిని పట్టుకుపోయారు. ఆ కొందరిని వదలమని అడుగుతూ 2008 మార్చి 10న డ్రెపుంగ్ నుంచి సుమారు 300 మంది లాసా వైపు నడిచారు. దారిలో ఆపేశారు. నాలుగు రోజుల తర్వాత లాసా రగిలింది. ఆ రోజు దుకాణాలు తగలబడ్డాయి, చైనా సాధారణ పౌరులు కూడా చనిపోయారు. అది దాచవలసిన విషయం కాదు. టిబెటన్లు ఎంతమంది పోయారన్నది మాత్రం ఇప్పటికీ స్వతంత్రంగా లెక్క తేలలేదు, తేల్చనివ్వలేదు. డ్రెపుంగ్ ద్వారాలు నెలల తరబడి మూసేశారు. బయటి ప్రాంతాల నుంచి వచ్చి చదువుకుంటున్న వందల మంది భిక్షువులను తీసుకుపోయి వాళ్ళ జిల్లాలకు పంపేశారు.

1959లో కొండలు దాటిన డ్రెపుంగ్ భిక్షువుల సంగతి మిగిలింది. వాళ్ళను మొదట బెంగాల్‌లోని బక్సా కోటలో ఉంచారు. ఇంగ్లీషువాళ్ళు మన స్వాతంత్ర్య యోధుల్ని బంధించిన జైలు అది. ఇరుకు గదుల్లో, క్షయతో చనిపోతూ కూడా తర్కశాస్త్రం వాదించుకున్నారు. 1969లో కర్ణాటకలోని ముండ్‌గోడ్‌లో వాళ్ళకు అడవి భూమి దొరికింది. పుస్తకం తప్ప పలుగు పట్టని చేతులు పొదలు నరికి, నేల చదును చేసి, మొక్కజొన్నా వరీ వేశాయి. ఎర్ర వస్త్రాలు మోకాళ్ళదాకా ఎగగట్టి ఆ భిక్షువులు బురదలో నాట్లు వేశారు. పగలంతా పొలం, రాత్రి పాఠం. పంట చేతికొచ్చాక కోసి, మోసి, మఠం ముందు రాశి పోశారు.

(వచ్చే భాగం: బక్సా జైలు నుంచి ముండ్‌గోడ్ దాకా)